ఇంటి కంప్యూటరులో ఇంజిన్‌ఎక్స్: పత్రికల సూచిక సైటు, ఇప్పటివరకు

ఇంట్లో పేరుకున్న పాత మాసపత్రికల విషయసూచికలను వెతుక్కోవడానికి వీలుగా పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక చిన్న సైటు కడుతున్నాను. అద్దె సర్వరులో ఎలా నడవాలో ఇంట్లోనూ అలాగే నడవాలన్న ఉద్దేశంతో, పీహెచ్‌పీతో పాటు వచ్చే అంతర్గత సర్వరును పక్కనపెట్టి, ఉబుంటు 24.04 అనే లినక్స్ వ్యవస్థలో, పేజీలను బ్రౌజరుకు అందించే ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వరు, దాని కోసం పీహెచ్‌పీ కోడును నడిపే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం పెట్టుకున్నాను.

సైటు చిరునామాకు పెట్టే పేరు విషయంలో పెద్దగా ఆలోచించనక్కరలేదు. ‘డాట్ డెవ్’తో ముగిసే పేర్లను బ్రౌజర్లు గుప్తీకరించిన హెచ్‌టీటీపీఎస్‌లో తప్ప తెరవవు, ‘డాట్ టెస్ట్’ను మాత్రం పరీక్షల కోసమే 1999లో విడిగా కేటాయించారు. అందుకే పేర్లకు చిరునామాలను జతచేసే హోస్ట్స్ ఫైలులో, ఈ కంప్యూటరునే సూచించే 127.0.0.1 పక్కన ‘సూచిక డాట్ టెస్ట్’ అని ఒక వరుస చేర్చాను.

ఎక్కువ సమయం తీసుకున్నది అనుమతుల వ్యవహారం. ఉబుంటు 21.04 నుంచి కొత్తగా సృష్టించే హోమ్ ఫోల్డరుకు 750 అనుమతి (యజమానికి, అతని గుంపుకు తప్ప ఇతరులకు ప్రవేశం లేదని అర్థం) ఉంటుంది కాబట్టి, ‘డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా’ అనే ఖాతా కింద నడిచే ఇంజిన్‌ఎక్స్ అందులోకి అడుగుపెట్టలేదు. ఫైలును ఎవరైనా చదవవచ్చని ఉన్నా బ్రౌజరులో అనుమతి లేదని చెప్పే 403 కనిపిస్తుంది, ఎర్రర్ లాగులో ‘13: పర్మిషన్ డినైడ్’ అని నమోదవుతుంది. వీధి గుమ్మానికి తాళం వేసి ఉంటే పడకగది తలుపు తెరిచి ఉండి ఏం లాభం? ‘నేమ్‌ఐ’ ఆదేశానికి ‘-ఎల్’ జోడించి ఫైలు పూర్తి దారిని ఇస్తే, దారిలోని ఒక్కొక్క ఫోల్డరు అనుమతి వరుసగా కనిపిస్తుంది. అడ్డం ఎక్కడుందో అక్కడే తెలిసిపోతుంది. చాలామంది సలహా ఇచ్చే, అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చేసే 777 నాకు నచ్చదు, ఎందుకంటే అసలు సర్వరులో అలా చేయం. ప్రాజెక్టును హోమ్ బయట ఉండే ‘ఎస్‌ఆర్‌వీ’ ఫోల్డరుకు మార్చాను.

ఎఫ్‌పీఎం నుంచి సరైన జవాబు అందలేదని చెప్పే 502 వస్తే, ముందుగా చూడవలసింది ఎఫ్‌పీఎం సాకెట్ (ఇంజిన్‌ఎక్స్ దానితో మాట్లాడే ఫైలు) పేరు. అందులో పీహెచ్‌పీ వెర్షను ఉంటుంది, ఉబుంటు 24.04లో అది 8.3 కాగా, పాత పాఠాల నుంచి తీసుకున్న వరుసల్లో తరచూ 8.1 ఉంటుంది. సెట్టింగులు మార్చిన ప్రతిసారీ ‘ఇంజిన్‌ఎక్స్ -టీ’తో సరిచూసి, రీస్టార్ట్ బదులు రీలోడ్ చేస్తున్నాను, కొత్త సెట్టింగుల్లో దోషముంటే పాతవాటితోనే సర్వరు కొనసాగుతుంది.

ముఖచిత్రాల స్కాన్లు ఎక్కించేటప్పుడు మూడు పరిమితులు దాటాలి. ఇంజిన్‌ఎక్స్ మామూలుగా 1 ఎంబీ మించిన అభ్యర్థనను 413తో తిప్పి పంపుతుంది. పీహెచ్‌పీ ఒక్కో ఫైలుకు 2 ఎంబీ, మొత్తం ఫారానికి 8 ఎంబీ వరకే ఒప్పుకుంటుంది. మొదటిదాన్ని, మూడోదాన్ని 20కి, మధ్యదాన్ని 16కి పెంచాను.

తెలుగువారికి ప్రత్యేకంగా ఎదురయ్యేది ఒకటుంది. పీహెచ్‌పీ పేజీలకు, అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8 అన్న సమాచారం తానుగా జతపడుతుంది గాని, ఇంజిన్‌ఎక్స్ నేరుగా అందించే టెక్స్ట్ ఫైళ్లకు ఏమీ జతపడదు. అప్పుడు బ్రౌజరు వేరే పద్ధతి అనుకుంటే, యూటీఎఫ్-8లో మూడేసి బైట్లు పట్టే మన అక్షరం ఒక్కొక్కటీ మూడు పిచ్చి గుర్తులుగా విడిపోతుంది. ఇంజిన్‌ఎక్స్ సెట్టింగుల్లో ఈ సైటుకు చెందిన సర్వర్ బ్లాకులో ‘చార్‌సెట్ యూటీఎఫ్-8’ అన్న ఒక్క వరుసతో అది సర్దుకుంది.

ఇక మిగిలింది హెచ్‌టీటీపీఎస్. ‘ఎంకేసెర్ట్’ అనే సాధనంతో స్థానిక ధ్రువపత్రం తయారుచేసి, హెచ్‌టీటీపీఎస్ వాడే 443 పోర్టుకు మారాలనుకుంటున్నాను, ఆ సాధనం సృష్టించే మూల తాళంచెవి (ధ్రువపత్రాలపై సంతకం చేసే రహస్య ఫైలు) ఈ యంత్రం దాటకూడదు కనుక, ప్రాజెక్టు ఫోల్డరుకు గాని బ్యాకప్ డిస్కుకు గాని దానిని చేర్చను.