ఎడమవైపు మసక: నాలుగో వారం

ఆదివారం నా చిన్న 8ఎక్స్ జూమ్ కెమెరాతో గుంటూరు దగ్గరి ఉప్పలపాడు పక్షుల కేంద్రానికి వెళ్లి 140 ఫొటోలు తీసుకొచ్చాను. కంప్యూటర్‌లో తెరిచేసరికి ప్రాణం ఉసూరుమంది. ఫుల్ జూమ్‌లో తీసిన ప్రతి ఫొటోలోనూ ఎడమ మూడో వంతు మసక. కుడివైపు కొంగ ఈకలు విడివిడిగా కనిపిస్తున్నాయి, ఎడమవైపు గూడబాతుకు కన్నెక్కడుందో తెలియడం లేదు.

బ్యాటరీలు త్వరగా అయిపోయే గొడవ మాత్రం తీరింది. ఎనెలూప్ అనే రీచార్జబుల్ సెల్స్ వేశాను, రోజంతా వచ్చాయి. ఇలాంటి కెమెరాల్లో మామూలు జింక్ సెల్స్ వేయడం దండగ.

ఈ మసక సంగతి తేల్చాలని రాత్రి గోడకు దినపత్రిక నిలువునా విప్పి అంటించాను. ట్రైపాడ్, 2 సెకన్ల టైమర్, ఐఎస్ఓ 80. 25 మి.మీ. వైడ్‌లో 52 సెం.మీ. దూరం నుంచి తీస్తే పేజీ మొత్తం చదవగలిగాను. 200 మి.మీ. జూమ్‌లో అదే పేజీ పట్టేలా గోడకు 4.2 మీటర్ల దూరానికి వెనక్కి జరిగాను. కుడివైపు చిన్న ప్రకటనల్లో ఒత్తులు కూడా తెలుస్తున్నాయి. ఎడమవైపు ద, ధ ఒకటే. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా లేదు. మధ్య జూముల్లోనూ చూశాను: 3ఎక్స్ వరకు బాగుంది, 4ఎక్స్‌లో మొదలై 5ఎక్స్ దాటాక పెరిగిపోతోంది.

గోడకు కెమెరా వంకరగా ఉందేమోనని తలకిందులుగా బిగించి తీశాను. గోడదే తప్పయితే మసక రెండో పక్కకు పోవాలి. పోలేదు, కెమెరాకు ఎడమవైపే ఉంది. ఫంగస్ అనుకుని టార్చి వేసి చూస్తే లోపల శుభ్రంగా ఉంది. చివరికి ఒక పేపరు ముక్క పట్టుకుని ఎడమ అంచున ముందుకు జరుపుతూ పోతే 3.4 మీటర్ల దగ్గర అక్షరాలు తేలాయి! అంటే అద్దం మసకబారలేదు, ఎడమవైపు ఫోకస్ 80 సెం.మీ. ముందే పడుతోంది. సెన్సర్ దగ్గర లెక్కేస్తే ఇది సుమారు 0.07 మి.మీ. అంతే. కానీ 15 మీటర్లలో ఉన్న పక్షికి ఫోకస్ చేస్తే, ఎడమ అంచున ఫోకస్ 8 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది.

లెన్స్ గొట్టం వంగిందని నా నమ్మకం. బయటికి వచ్చిన గొట్టం చుట్టూ ఉన్న సందులో కుడివైపు విజిటింగ్ కార్డు దూరింది, ఎడమవైపు దూరలేదు. కొన్నప్పుడు దెబ్బేమీ తగల్లేదని చెప్పారు, నేనూ ఎప్పుడూ పడేయలేదు. మరి కుడి అంచు ఎందుకు బాగుంది? లెన్స్‌కు మామూలుగా అంచుల్లో ఉండే వంపు అటువైపు ఈ వంకరను సరిచేస్తోందేమో. ఎపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) తగ్గించి కప్పిపుచ్చుదామంటే, ఇందులో దాన్ని చిన్నది చేసే రేకులే లేవు. వెలుతురు ఎక్కువైతే కాంతిని తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ అడ్డం వస్తుంది, అంతే. కొనేవాళ్లకు ఈ సంగతి పెట్టె మీదే రాసి ఉండాలి.

విప్పి చూడాలని చేతులు ఊరుతున్నాయి కానీ ఫ్లాష్ కెపాసిటర్‌లో దాదాపు 300 వోల్టులు నిలిచి ఉంటాయి. దాన్ని డిశ్చార్జ్ చేయడం దగ్గరుండి నేర్చుకున్నాకే స్క్రూడ్రైవర్ పడతాను.

వచ్చే ఆదివారం రెండు రకాలుగా తీస్తాను. ఒకటి, 3ఎక్స్ దగ్గర ఆపి క్రాప్ చేయడం. 16 మెగాపిక్సెళ్లలో 2.25 మిగులుతాయి, 6×4 ప్రింటుకు చాలు. రెండోది, 8ఎక్స్‌లోనే పక్షిని కుడివైపు పెట్టి ఎడమ మూడో వంతు కోసేయడం. ఈలోగా పాత కానన్ పవర్‌షాట్ ఒకటి వెతుకుతున్నాను. అందులో సీహెచ్‌డీకే అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేస్తే రా ఫైళ్లు (సెన్సర్ చూసింది చూసినట్టు ఉండేవి) వస్తాయి, ఈకల మీద జేపెగ్ పూసే నునుపు ఉండదు.