మనం పెడితే ప్రపంచం చల్లబడుతుందా?

డాబా మీద సోలార్ ప్యానెళ్ళు పెడదామంటే మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో సెక్రటరీగారు అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "మనం నాలుగు ప్యానెళ్ళు పెడితే ప్రపంచం చల్లబడుతుందా అమ్మా?" అందరూ నవ్వారు. లిఫ్టుకీ మోటార్లకీ వచ్చే కరెంటు బిల్లు మీద నెలనెలా గొడవపడేదీ వీళ్ళే. అపార్ట్‌మెంట్ల ఉమ్మడి వాడకానికి కేంద్రప్రభుత్వ సోలార్ పథకం సూర్యఘర్‌లో కిలోవాట్‌కి 18,000 రూపాయల సబ్సిడీ ఉందని కాగితం పట్టుకెళ్తే ఒక్కరూ చేతిలోకి తీసుకోలేదు. బట్టలెక్కడ ఆరేసుకోవాలని ఒకావిడ. ఎత్తు స్టాండ్ల మీద బిగిస్తే కింద బట్టలూ ఆరతాయి, పై అంతస్తువాళ్ళకి స్లాబు వేడీ తగ్గుతుంది. చెప్పనిస్తేగా!

డాబా అంటే నాకు గోదావరిఖనిలో అమ్మ పెట్టే వడియాలే. పాత వాయిల్ చీర కప్పినా సాయంత్రానికి నల్లటి నుసి. ఒక్కోదాన్నీ తిప్పి, కొంగుతో దులిపి డబ్బాలో వేసేది. అయినా వేయించాక ఎక్కడో ఒకటి పంటికింద గరగరమనేది. నేను మొహం చిట్లిస్తే నాన్న, "ఆ బొగ్గే కదనే మనకు బువ్వ పెట్టేది" అనేవాడు.

నిరుడు వెళ్ళినప్పుడు రామగుండంలో ఎన్టీపీసీ రిజర్వాయర్ నీళ్ళ మీద పరిచిన సోలార్ ప్యానెళ్ళు చూశాను. 100 మెగావాట్లు, 2022లో వచ్చింది. ఎంత సంతోషమేసిందో! దేశంలోని విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గూ గ్యాసూ అక్కర్లేనిదేనని, 2030 గడువుకి ఐదేళ్ళ ముందే సాధించామని 2025లో చదివినప్పుడూ అంతే. ఇవన్నీ సెక్రటరీగారికి చూపించాలనే ఇది రాయడం మొదలుపెట్టాను.

రాస్తూంటే నమ్మకం సడలుతోంది. సామర్థ్యం వేరు, నిజంగా తయారయ్యే కరెంటు వేరు. పొద్దుగూకి అందరూ ఏసీలు వేసే వేళకి మళ్ళీ బొగ్గే దిక్కు. ఇప్పటికీ సుమారు 70 శాతం కరెంటు దానిదే. రామగుండంలోనే ఆ నీటి ప్యానెళ్ళ తర్వాత 800 మెగావాట్ల థర్మల్ యూనిట్లు రెండు కొత్తగా వచ్చాయి. 2024లో భూమి వేడి పరిశ్రమలు రాకముందుకంటే 1.5 డిగ్రీలకు పైగా పెరిగింది, ఏడాది మొత్తానికి అలా దాటడం అదే మొదటిసారి. సోలార్ పెరిగింది, నిజమే. బొగ్గు మాత్రం తన చోటు నుంచి పెద్దగా కదల్లేదు.

బ్యాటరీలు చవకవుతున్నాయి కాబట్టి పగటి ఎండని రాత్రికి దాచుకునే రోజు వస్తుందనే అనుకుంటున్నాను. అప్పుడు బొగ్గు తగ్గుతుంది, తగ్గాలి కూడా. మరి గనిలో తమ్ముడి ఉద్యోగం? సింగరేణి కూడా సోలార్ ప్లాంట్లు పెట్టింది గానీ, గనికి కావలసినంతమంది వాటికి అక్కర్లేదు. వాడికి మొన్ననే బాబు పుట్టాడు. ఈ మాట వాడి దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు. రేపు ఫోన్ చేసి అడగాలి, అక్కడ వాళ్ళంతా ఏమనుకుంటున్నారో.