కాకి గూట్లో రెండేళ్ళు

ఈ జూన్‌లో విశాఖపట్నం వచ్చిన నాలుగో రోజు. ఎంవీపీ కాలనీలో మా అమ్మావాళ్ళ ఫ్లాటు వెనక వేపచెట్టు మీద ఒక కాకి, ఒళ్ళంతా చుక్కలున్న పిల్లకి మేత పెడుతోంది. ఆ పిల్ల కాకిపిల్లలా లేదు. "కోకిల పిల్లమ్మా అది. కాకి తనదే అనుకుని పెంచేస్తోంది" అన్నారు నాన్న. పదమూడేళ్ళ మా అమ్మాయి కాసేపు చూసి, నా వైపు తిరిగి, ఉప్మాలోకి పంచదార ఉందా అని అడిగినంత మామూలుగా అడిగింది: "నన్ను కూడా ఇలాగే పెట్టి వెళ్ళావా?"

అవును, పెట్టి వెళ్ళాను. దానికి తొమ్మిదో నెల నడుస్తుండగా. డాలస్‌లో నాది గంటల లెక్క ఉద్యోగం, ఆ ఉద్యోగం మీదే వీసా. మా ఆయన ప్రాజెక్టు వేరే రాష్ట్రంలో. డేకేరుకి కట్టాల్సింది ఇంటద్దె కంటే ఎక్కువ. మళ్ళీ తీసుకెళ్ళేసరికి దానికి రెండేళ్ళ ఎనిమిది నెలలు. మా కాంప్లెక్సులో అలా పంపిన తెలుగువాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి అక్కడ ఎవరూ ఏమీ అనలేదు. ఇక్కడే, ఒక పెళ్ళిలో, దగ్గరి బంధువొకావిడ "కోకిలమ్మ వచ్చిందర్రా" అని నవ్వింది. నేనూ నవ్వాను. పదేళ్ళు దాటినా ఆ పెళ్ళిలో నేను కట్టుకున్న చీర మళ్ళీ కట్టలేదు.

మా అమ్మాయి ఊరుకునే రకం కాదు. ఆ రాత్రే ఫోన్లో వెతకడం మొదలుపెట్టింది. ఐరోపా కోకిల పిల్ల కళ్ళు కూడా తెరవకుండానే గూట్లోని గుడ్లని వీపుతో ఎత్తి బయటికి తోసేసే వీడియో చూసి భయపడింది. "నేనెవర్నీ తొయ్యలేదు కదా?" మన కోకిల అలా చెయ్యదట. దాని గుడ్డు పన్నెండు, పద్నాలుగు రోజుల్లో పొదిగితే కాకి గుడ్డుకి పదహారు, పదిహేడు రోజులు పడుతుంది. ముందు పుట్టిన ఆ కాస్త మొగ్గుతో ఎక్కువ మేత కొట్టేస్తుంది గానీ, మామూలుగా కాకిపిల్లల పక్కనే పెరుగుతుంది. పిల్లకి కొంచెం ఊరట. నాకూ.

ఇంకో సంగతి నాకు బాగా నచ్చింది. మనం వసంతమంతా చెప్పుకుని మురిసిపోయే ఆ కూత మగకోకిలది. ఆడది చుక్కల ఒళ్ళుతో ఆకుల్లో నక్కి ఉంటుంది. ఒక్కోసారి మగది కాకుల్ని రెచ్చగొట్టి తన వెంట తిప్పుకుంటుంటే ఆడది గూట్లోకి దూరి గుడ్డు పెట్టేసి వస్తుందట. మాటలు పడేది ఆడకోకిల, పేరు వచ్చేది మగ గొంతుకి. మా ఆయన్ని ఏ పెళ్ళిలోనూ ఎవరూ ఏమీ అనలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఆదివారం కొండకర్ల ఆవ అనే పెద్ద చెరువుకి వెళ్ళాం. తాటిదోనె మీద తామరల మధ్యకి పోతుంటే, ఆకుల మీద పొడవాటి వేళ్ళతో నడుస్తున్న జకానా అనే నీటిపిట్ట కనిపించింది, వెనక పత్తి ఉండల్లాంటి రెండు పిల్లలు. ఆ పిట్టల్లో ఆడది పెద్దది. నాలుగు గుడ్లు పెట్టి ఇంకో మగదాన్ని వెతుక్కుంటూ పోతుంది. పొదగడం, పిల్లల్ని కాపాడడం తండ్రి పని. ప్రమాదం వస్తే కొన్ని జకానాలు పిల్లల్ని రెక్కల కింద ఇరికించుకుని నడిచిపోతాయి, కింద చిన్న కాళ్ళు వేలాడుతుంటాయి. గట్టున తాటిచెట్టుకి వేలాడే గిజిగాడి ఇళ్ళలో కథ తిరగబడుతుంది. మగది సగం గూడు అల్లి చూపిస్తుంది, ఆడదానికి నచ్చితే మిగతా సగం పూర్తిచేసి, ఇంకో ఆడదాని కోసం ఇంకో గూడు మొదలెడుతుంది.

"తండ్రొక్కడే పెంచితే ఎలా సరిపోతుంది?" అన్నారు నాన్న. జకానా పిల్లలు గుడ్డులోంచి వస్తూనే నడిచి, తమ తిండి తామే ఏరుకుంటాయి కాబట్టి కాపలాకి ఒకరు చాలు. కాకిపిల్లలు అలా కాదు, ఈకల్లేకుండా కళ్ళు మూసుకుని పుడతాయి. అలాంటి పిల్లలకి రోజంతా మేత మొయ్యాలంటే ఇద్దరు కావాలి. అందుకే పక్షి జాతుల్లో దాదాపు ఎనభై శాతం తల్లీతండ్రీ కలిసి పెంచేవే. పరాయి గూట్లో గుడ్డు పెట్టి బతికేవి నూటికి ఒకటి మాత్రమే, మొత్తం మీద ఓ వంద జాతులు.

మా అమ్మాయి మాత్రం ఇంకో లెక్క దగ్గర ఆగింది. దాదాపు తొమ్మిది శాతం జాతుల్లో తల్లిదండ్రులు కాక మిగతావాళ్ళు కూడా పిల్లల్ని మేపుతారు. సీషెల్స్ దీవుల్లో వార్బ్లర్ అనే పిట్టల్లో, గూటి పెత్తనం పోయిన పెద్ద ఆడపిట్ట అక్కడే ఉండిపోయి మనవల్ని పెంచడంలో సాయపడుతుందట. ఇది అమ్మమ్మకి చదివి వినిపించింది. వంకాయలు తరుగుతున్న అమ్మ తలెత్తి "ఏటీ, దానికీ మోకాళ్ళ నొప్పులేనా?" అంది.

ఆ 'ఏటీ' మా పిల్లకి వచ్చిన మొదటి మాటల్లో ఒకటి. డాలస్ డేకేర్‌లో ఆరు నెలలకే తెలుగంతా పోయినా అదొక్కటే మిగిలింది. ఇప్పటికీ మేథ్స్ లెక్క అర్థం కాకపోతే "ఏటీ!" అంటుంది.

దాన్ని తీసుకెళ్ళాక అమ్మ ఏమీ అనలేదు. వాళ్ళమ్మ దగ్గరే ఉండాలి కదా అంది, అంతే. నెల తిరిగేదాకా దాని చిన్న స్టీలు గిన్నె రోజూ కడిగి బోర్లించేదని నాన్న చాలా ఏళ్ళ తర్వాత చెప్పారు.

వెళ్ళే ముందురోజు సూట్‌కేసులు సర్దుతుంటే మా అమ్మాయి ఫోన్ పట్టుకుని వచ్చింది. ఆడకోకిల ఒక్కోసారి కాకిగూటికి వచ్చి తన పిల్లకి తనే మేత పెట్టడం చూసినవాళ్ళున్నారట. మగది అలా చెయ్యడం మాత్రం ఎవరూ రాయలేదట.

"మధ్యలో నువ్వు వచ్చావా?"

"ఒకసారి వచ్చాను. పదిహేను రోజులు. నన్ను చూసి ఏడ్చి, అమ్మమ్మ చంక దిగలేదు నువ్వు."

"ఏం తెచ్చావు నాకు?"

"రెండు పెట్టెల డైపర్లు."

"వాడారా?"

"లేదే. పాత లుంగీ గుడ్డలే మంచివని, అమ్మమ్మ వాటిని కింద ఫ్లాటువాళ్ళకి ఇచ్చేసింది."