డన్నోటర్ కోటలో ఒక కిటికీ

స్కాట్లాండ్ తూర్పు తీరంలో, స్టోన్‌హేవెన్ ఊరి నుంచి దక్షిణంగా కొండ అంచు వెంట సుమారు మూడు కిలోమీటర్లు నడిస్తే డన్నోటర్ కోట కనిపిస్తుంది. కనిపించగానే సంబరపడి లాభం లేదు. సముద్రంలోకి చొచ్చుకుపోయిన 50 మీటర్ల ఎత్తు రాతి దిబ్బ మీద ఉంది అది. మధ్యలో లోతైన లోయ. మెట్లన్నీ దిగి, మళ్లీ ఎక్కాలి. నా మోకాళ్లు రెండుసార్లూ మొరాయించాయి.

నేను వెళ్లింది కిరీటం కథ కోసం. ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ సేనలు దేశాన్ని ఆక్రమిస్తున్నప్పుడు స్కాట్లాండ్ కిరీటాన్ని, రాజదండాన్ని, ఖడ్గాన్ని ఇక్కడే దాచారు. నెలల తరబడి ముట్టడి సాగింది. 1652 మే నెలలో కోట లొంగింది గానీ గెలిచినవాళ్లకు ఆ మూడూ దొరకలేదు. అప్పటికే కినెఫ్ చర్చి నేల కింద పాతిపెట్టేశారు. ఆ చర్చి పాస్టర్ భార్య క్రిస్టియన్ ఫ్లెచర్ వాటిని కోట దాటించిందంటారు. ఎలా దాటించిందన్నదానికి ఒకటికి రెండు కథలున్నాయి; నార కట్టల్లో చుట్టి తీసుకెళ్లిందన్నదే నాకు నచ్చింది.

ఇంత కాపాడుకున్న కోట చివరికి ఎలా పాడుబడిందో చూడండి. యజమానులైన కీత్ వంశంలో పదో ఎర్ల్ (ప్రభువు) 1715లో, గద్దె దిగిన స్టూవర్ట్ రాజవంశాన్ని తిరిగి నిలబెట్టాలని లేచిన జాకొబైట్ తిరుగుబాటులో చేరాడు, ఆస్తంతా జప్తయింది. తరవాత చేతికి చిక్కించుకున్నవాళ్లు పనికొచ్చేదంతా ఊడదీసి పట్టుకుపోయారు. 1925లో కౌడ్రే వైకౌంటెస్ అనే ప్రభుకుటుంబపు మహిళ మరమ్మతులు మొదలుపెట్టేదాకా పట్టించుకున్నవాళ్లు లేరు. ఇప్పుడు 14వ శతాబ్దపు బురుజు ఇల్లు కప్పు లేకుండా నిలబడి ఉంది. గదుల్లో గడ్డి, గోడల మీద సముద్రపక్షులు.

ఎక్కువసేపు ఆగిపోయింది మాత్రం ‘విగ్స్ వాల్ట్’ అనే చీకటి గదిలో. 1685లో, మతం విషయంలో రాజు మాట వినని కవనెంటర్లను 167 మందిని ఇక్కడ కుక్కారు. అందులో 45 మంది ఆడవాళ్లు. నిలబడటానికే చోటు చాలదు, పడుకోవడం సంగతి చెప్పనక్కర్లేదు. సముద్రం వైపు ఒక కిటికీ. పాతిక మంది దాకా అందులోంచి బయటపడి కొండ చరియ పట్టుకుని దిగబోయారు. ఇద్దరు పడి చనిపోయారు. చాలామందిని మళ్లీ పట్టుకున్నారు.

ఆ కిటికీ దగ్గరకు వెళ్లి కిందికి చూశాను. నిలువుగా రాయి, అడుగున తెల్లటి నురుగు. చేతులు రెండూ గోడకు ఆనించుకునే ఉన్నాను. మెట్లు ఎక్కేటప్పుడు మోకాళ్ల గురించి ఎవరితోనూ ఏమీ అనలేదు.