అర అంగుళం కోసం ఇంత హంగామా

పికప్ ట్రక్కు ఎత్తు పెంచడం వేరు, ట్రక్కు కింద జాగా పెంచడం వేరు. బండిని పైకి లేపే సామాను, అదే లిఫ్ట్ కిట్, వేస్తే లేచేది చాసిస్, దాని మీదున్న క్యాబిన్, తొట్టి. వెనక ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్ (ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కొండదారిలో రాయి తగిలేది చాలాసార్లు దానికే. దాన్ని పైకి లేపేది టైరు ఒక్కటే, అది కూడా పెరిగిన వ్యాసంలో సగం మేరకే. అందుకే నేను మొదట టైరు సైజు తేల్చుకుని, ఆ తర్వాతే లిఫ్ట్ సంగతి చూశాను.

నా బండి 2019 టొయోటా టకోమా. కంపెనీ ఇచ్చిన టైర్లు 265/70ఆర్16, అంటే వ్యాసం 30.6 అంగుళాలు. డెన్వర్‌లో మా తెలుగు మిత్రబృందానిది ఒకటే పాట: "ముప్పై మూడు వేయించు అన్నా, లేకపోతే చూడ్డానికి ఏం బాగుంటుంది?" వాళ్లు చెప్పే 285/75ఆర్16 నిజానికి 32.8 అంగుళాలు. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ ఈ బండికి అంత టైరు వేస్తే, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు క్యాబిన్‌ను చాసిస్‌కు బిగించే బ్రాకెట్‌కు రాసుకుంటుంది. గ్రైండర్‌తో ఆ మూల కోసేసి, రేకు పెట్టి వెల్డింగ్ చేయించుకుంటారు. నడుస్తున్న బండి ఒంటి మీద గ్రైండర్ పెట్టించడానికి నాకు చేతులు రాలేదు.

అంతకన్నా పెద్ద చిక్కు గేర్లది. ఈ బండి డిఫరెన్షియల్ నిష్పత్తి 3.91, అంటే చక్రం ఒక చుట్టు తిరగాలంటే దాన్ని తిప్పే షాఫ్టు 3.91 చుట్లు తిరగాలి. 33 అంగుళాల టైర్లు వేస్తే అది 3.65 ఉన్నట్టు నడుస్తుంది, లాగే బలం తగ్గుతుంది. మా కొలరాడోలో ఐ-70 హైవే మీద ఐసెన్‌హవర్ సొరంగం 11 వేల అడుగులకు పైనే ఉంది. ప్రతి వెయ్యి అడుగులకూ ఇంజన్ సుమారు 3 శాతం బలం కోల్పోతుంది కాబట్టి, 278 హార్స్‌పవర్‌లో దాదాపు మూడో వంతు అక్కడికి చేరేసరికే ఆవిరి. ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్సు మామూలు టైర్లతోనే ఎత్తు ఎక్కేటప్పుడు అయిదా, ఆరా అని ఊగిసలాడుతుంది. దాన్ని ఇంకా ఏడిపించడమెందుకు? దీనికి విరుగుడుగా ఇరుసుల్లోని గేర్లు మార్పించాలంటే, ఫోర్ వీల్ డ్రైవ్ కాబట్టి ముందూ వెనకా రెండూ మార్చాలి. ఆ ఖర్చు టైర్ల ఖర్చును మించిపోతుంది.

చివరికి 265/75ఆర్16 వేయించాను. వ్యాసం 31.6. ఇరుసు కింద లాభం అక్షరాలా అర అంగుళం. నవ్వేవాళ్లు నవ్వారు. నాకు కావలసింది ఆ అర అంగుళంతో పాటు మందమైన పక్కగోడ. 12,800 అడుగుల ఎత్తున్న ఎంజినీర్ పాస్ అనే కొండదారిలో పలుగురాళ్లు టైరు పక్కనే కోస్తాయి. అక్కడ గాలి 20 పీఎస్‌ఐకి దించితే వచ్చే పట్టు, మెత్తదనం ఏ లిఫ్ట్ కిట్టూ ఇవ్వదు. పైసా ఖర్చు లేదు, తిరిగి నింపుకోవడానికి చిన్న కంప్రెసర్ ఉంటే చాలు.

లిఫ్ట్ ముందువైపు రెండు అంగుళాలు. స్ప్రింగు పైన దిమ్మ పెట్టే చౌక పద్ధతి వద్దనుకుని, స్ప్రింగులు, షాకులు కొత్తవే వేయించాను. వెనక కమాన్ కట్టలో ఒక పట్టీ అదనంగా చేర్చారు. వెనక కొంచెం ఎత్తుగానే ఉంచమన్నాను. తొట్టిలో సామాను పడగానే వెనక దిగుతుంది, ముందు లేస్తుంది, హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్లలో కొడతాయి. కంపెనీవాళ్లు ఆ వాలు ఊరికే పెట్టలేదు.

ముందు ఎత్తు పెంచితే క్యాస్టర్ తగ్గుతుంది. సైకిల్ ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉంటుంది చూడండి, అలాంటిదే. ఆ వాలు తగ్గితే మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను నిటారుకు రాదు. అందుకే చక్రాన్ని పైవైపు పట్టి ఉంచే కంట్రోల్ ఆర్మ్‌లు కూడా మార్పించి, అలైన్‌మెంట్ కాగితంలో క్యాస్టర్ అంకె చూసుకున్నాకే డబ్బు కట్టాను. హెడ్‌లైట్లు దించి సరిచేయించడం, ముందు గ్రిల్‌లో ఉండి ఎదుటి బండ్లను గమనించే రాడార్ నేరుగా చూస్తోందో లేదో పరీక్షించడం తప్పనిసరి. స్టెప్నీ కూడా అదే సైజు కొన్నాను. స్పీడోమీటర్ 65 మైళ్లు చూపిస్తే బండి 67లో ఉంటుంది. మైలేజీ లెక్క వేసేటప్పుడు దీన్ని మరిచిపోయి "ఘోరంగా పడిపోయింది" అని గోలపెట్టేవాళ్లున్నారు. పడిపోతుంది, కానీ అంత కాదు.

ఎత్తు గురించి అసలు తీర్పు మా అమ్మది. ఇండియా నుంచి వచ్చింది, చీరకట్టు. ఒకసారి ఎక్కి, "ఇది కారా, ఎడ్లబండా?" అంది. తలుపుల కింద చాసిస్‌కు బిగించే ఇనుప గొట్టాలు, రాక్ స్లైడర్లంటారు, మెట్టుగానూ పనికొస్తాయి, ఆ వారమే వేయించాను. రాళ్ల నుంచి రక్షణకని మిత్రులతో అన్నాను.

మా బావమరిది భీమవరం నుంచి ఫోను చేసి, "బావా, నా ఇసుజు పికప్‌కీ ఇలాగే చేయిద్దామా?" అన్నాడు. ఆ బండి మన శ్రీసిటీలో తయారైందే. వద్దన్నాను. అక్కడ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. తయారీదారు నిర్దేశించిన ప్రమాణాలను మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. "మరి అమెరికాలో ఏదైనా చెల్లుతుందా?" అన్నాడు. చెల్లదు, రాష్ట్రానికో పద్ధతి. నార్త్ కరోలినాలో ముందు మడ్‌గార్డు వెనకదానికన్నా 4 అంగుళాలు ఎత్తుగా ఉండేలా లేపడాన్ని 2021 డిసెంబరు నుంచి నిషేధించారు. కాసేపు ఆలోచించి, "అయితే అదే సైజులో మంచి టైర్లు చూడు" అన్నాడు. రాళ్లకూ తారురోడ్డుకూ పనికొచ్చే రకంలో వాడి బండి సైజు అక్కడ ఎవరి దగ్గర ఉందో కనుక్కునే పనిలో ఉన్నాను.