పైలట్ అవుదామనుకుంటే ముందు ఇంటిపేరు సరిచేసుకోవాల్సొచ్చింది

పైలట్ ట్రైనింగ్ అంటే అందరూ అడిగేది ఒకటే, భయం వెయ్యదా అని. వేసింది, కానీ విమానం ఎక్కినప్పుడు కాదు, ఖమ్మంలో మా ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చుని పైలట్ లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ వాళ్ల ఇ-జీసీఏ పోర్టల్‌లో ప్రొఫైల్ నింపుతున్నప్పుడు. అంటే అప్పుడు కూడా వెయ్యలేదు నిజానికి, వేయాల్సింది.

మన తెలుగోళ్ల పేర్లు తెలుసుగా. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పూర్తిగా. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ వేరే గడి, పేరు వేరే గడి. ఆధార్‌లో ఎవరో పుణ్యాత్ముడు పదకొండు అక్షరాల ఇంటిపేరుని 'కె' చేసి వదిలేశాడు. నేను ఆధార్ చేతిలో పెట్టుకుని అదే కొట్టేశా. కె అంటే ఏంటో మా వీధిలో అందరికీ తెలుసు కదా అన్న ధీమా.

ముందు క్లాస్ 2 మెడికల్, అంటే పైలట్ అవ్వాలనుకునేవాళ్లకి చేసే మొదటి ఆరోగ్య పరీక్ష. పోర్టల్‌లో డీజీసీఏ ఒప్పుకున్న డాక్టర్ల లిస్ట్ ఉంటుంది, వాళ్లలో ఒకర్ని పట్టుకోవాలి, మన ఫ్యామిలీ డాక్టర్ సంతకం పనికిరాదు. నేను రాత్రి బస్సెక్కి హైదరాబాద్ వెళ్లా, పరగడుపున రక్తం ఇవ్వాలన్నారని బస్టాండ్‌లో టీ కూడా తాగలేదు. రక్తం, యూరిన్, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, ఇవన్నీ తేలిగ్గా అయిపోయాయి. కళ్లకి రంగు చుక్కల పుస్తకం పెడతారు, ఇషిహారా అంటారు. మొదటి పేజీలో 12, అది అందరికీ కనిపిస్తుంది, తర్వాత ఒక పేజీలో మామూలు కంటికి 74 కనిపించే చోట ఎరుపు పచ్చ తేడా తెలియని వాళ్లకి 21 కనిపిస్తుందట. నాకు 74 కనిపించింది, అయినా చెప్పేముందు రెండుసార్లు చూసుకున్నా. అద్దాలున్న వాళ్లు కంగారు పడక్కర్లేదు, అద్దాలతో సరిపోను కనిపిస్తే చాలు, కాకపోతే స్పేర్ జత దగ్గర ఉంచుకోవాలి.

నన్ను పట్టేసింది చెవి. చిన్న గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్స్ పెట్టి చేతికి బటన్ ఇస్తారు, బీప్ వినపడితే నొక్కాలి. కుడి చెవి బానే ఉంది. ఎడమ చెవిలో నా గుండె చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు, దానికే రెండుసార్లు నొక్కేశా. డాక్టర్ లైట్ వేసి చూసి "చెవిలో నూనె పోసుకుంటావా బాబూ?" అన్నారు. మా అమ్మ ప్రతి ఆదివారం తలంటు ముందు పోసే కొబ్బరినూనె, దానికి గుబిలి తోడై గోడ కట్టేసింది. ఈఎన్‌టీ దగ్గర క్లీన్ చేయించుకుని వారం తర్వాత మళ్లీ వెళ్తే అన్ని బీప్‌లూ వినపడ్డాయి. అమ్మ మాత్రం ఇప్పటికీ ఒప్పుకోదు, నూనె వల్ల కాదు ఆ హెడ్‌ఫోన్స్ వల్లే అంటుంది.

అసెస్‌మెంట్ ఫిట్ అని వచ్చింది, 'కె' పేరుతో. ఇంట్లో స్వీట్లు కూడా పంచేశాం. తర్వాత కంప్యూటర్ నంబర్‌కి, అంటే డీజీసీఏ పరీక్షలు రాసేవాళ్లకి ఇచ్చే నంబర్‌కి, అప్లై చెయ్యాలి, అది లేకపోతే నావిగేషన్, మెటియొరాలజీ, రెగ్యులేషన్స్ పేపర్లు రాయనివ్వరు. దానికి ఇంటర్ మెమోతో పాటు, ఆ మెమో నిజమైనదేనని బోర్డు రాసిచ్చే కాగితం కూడా కావాలి. నాన్న అయితే "మెమో ఇచ్చింది వాళ్లే కదరా, అది వాళ్లదేనని మళ్లీ వాళ్లనే అడగడమేంటి" అని రోజంతా అదే గొణుగుడు. ఆ కాగితం వచ్చింది, దాని మీద ఇంటిపేరు పూర్తిగా ఉంది, మెడికల్ మీద 'కె' ఉంది. ఫ్లయింగ్ స్కూల్లో కాగితాలు చూసే మేడమ్ రెండూ పక్కపక్కన పెట్టి "వీళ్లిద్దరూ ఎవరు?" అని అడిగింది.

అప్పుడు మొదలైంది అసలు ట్రైనింగ్. ఆధార్ మార్చడం, ప్రొఫైల్‌లో పేరు మార్చమని రిక్వెస్ట్ పెట్టడం, రోజుకి నాలుగుసార్లు లాగిన్ అయ్యి స్టేటస్ చూడటం. టెన్త్ మెమోలో ఉన్నదే నీ పేరు, మిగతావన్నీ దాని వెనకే నడవాలి అని ముందే ఒక్కరు చెప్పుంటే బాగుండేది, అందుకే ఇది రాస్తున్నా. ఇంకోటి, క్లాస్ 2 రాగానే ఆగకుండా, దానికన్నా గట్టిదైన క్లాస్ 1 మెడికల్ కూడా చేయించుకుని అప్పుడు ఫీజు కట్టండి. సీపీఎల్‌కి, అంటే పైలట్‌గా ఉద్యోగం చెయ్యడానికి కావాల్సిన కమర్షియల్ లైసెన్స్‌కి, క్లాస్ 1 కావాలి, లక్షలు కట్టేశాక అక్కడ అన్‌ఫిట్ వస్తే తల పట్టుకోవడమే. మా నాన్న పొలం అమ్మే ముందు అడిగిన ఒకే ఒక ప్రశ్న కూడా ఇదే, ఇందులో మాత్రం ఆయన నాకన్నా తెలివిగా ఆలోచించాడు.

మొన్న తమ్ముడి స్కూల్లో టెన్త్ నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసేవాళ్ల పేర్ల లిస్ట్, రాస్తున్నారని తెలిసి నాన్న డ్యూటీకి సెలవు పెట్టి మరీ వెళ్లాడు. ఆఫీస్ రూమ్‌లో క్లర్క్ పక్కన కుర్చీ వేసుకుని పదకొండు అక్షరాలూ ఒక్కొక్కటే చదివించుకుని వచ్చాడట. వాడేమో లాయర్ అవుతానంటున్నాడు.