ఫ్యామిలీ వెర్షన్ అమ్ముతా అంటున్న మా బామ్మర్ది

మా బామ్మర్దికి నల్గొండల క్లాక్ టవర్ దిక్కు మొబైల్ షాపుంది, పెండ్లి వీడియోల ఎడిటింగ్ కూడ చేస్తడు. వాని కొత్త ఐడియా ఏందంటే సినిమాలల్ల ఐటెం సాంగులు, బూతులు, నరుకుడు సీన్లు లేపేసి ఫ్యామిలీ వెర్షన్ అని పెన్‌డ్రైవ్‌ల వేసి అమ్ముడు. "దొంగ కాపీ కాదు బావా, అమ్మే ప్రతి కాపీకి ఒక ఒరిజినల్ డీవీడీ కొంట, ఇగ ప్రొడ్యూసర్‌కి పోయేదేముంది?" అంటడు.

గిరాకీ ఉండదని నేనన్లే. మా ఇంట్ల అత్తమ్మ, పిల్లలు, అందరం కూసోని చూస్తుంటే పాట షురూ కాంగనే మామకు నీళ్లు యాదికొస్తయి, నా భార్య రిమోట్ పట్టుకొని గబగబ ముందుకు నొక్కుతది, అది పాట దాటి అసలు కథ గూడ దాటేస్తది, మళ్ల ఎనకకు తెచ్చుకునుడు, సరిగ్గ ఆ స్టెప్పు కాడనే ఆగుడు.

కాని ఈ ఒరిజినల్ కొంట అనే లెక్క అమెరికల ఎప్పుడో చెప్పి చూసిన్రు. అక్కడ యూటా రాష్ట్రంల క్లీన్‌ఫ్లిక్స్ అని ఒక కంపెనీ అచ్చం గిదే పని చేసింది, ఒరిజినల్ కొని, కట్ చేసి, ఆ కాపీ కిరాయికిచ్చుడు, అమ్ముడు. స్పీల్‌బర్గ్, స్కోర్సేసీ అసొంటి పెద్ద డైరెక్టర్లు, స్టూడియోలు ఎదురు నిలబడ్డరు. 2006 జులైల కొలరాడో ఫెడరల్ కోర్టు జడ్జి రిచర్డ్ మాట్ష్ క్లీన్‌ఫ్లిక్స్ అసొంటి కంపెనీలకు వ్యతిరేకంగ తీర్పిచ్చిండు. పైసలు నష్టం కాలేదన్నది కాదు ముచ్చట, తన సినిమా ఏ రూపంల జనంలకు పోవాలె అనేది హక్కుదారు చేతిల ఉండాలె, కాపీ చేసి అమ్మినవా లేదా, గంతే.

ఇంకో తమాషా, అంతకు ముందే 2005ల అక్కడ ఫ్యామిలీ మూవీ యాక్ట్ తెచ్చిన్రు. అసలు కాపీ నడుస్తుంటె ఇంట్ల ప్లేయరే వద్దన్న సీన్లు దాటేస్తే తప్పు కాదు, కాని కట్ చేసిన కాపీ మాత్రం తయారు కావొద్దు. క్లియర్‌ప్లే అనే కంపెనీ గట్లనే బతికింది. విడ్‌యాంజెల్ అనేటోళ్లు జర ఎక్కువ తెలివికి పోయిన్రు, డిస్కు 20 డాలర్లకు అమ్మినట్టు, మర్నాడు 19కి తిరిగి కొన్నట్టు రాసుకొని, చూపెట్టేది మాత్రం లాక్ తీసి సర్వర్‌ల పెట్టుకున్న కాపీ నుంచి. 2019ల జ్యూరీ 6 కోట్ల 24 లక్షల డాలర్లు కట్టుమన్నది, తర్వాత ఏడాది 99 లక్షలకు రాజీ అయిన్రు.

మన దగ్గర ఆ దాటేసే చట్టం గూడ లేదు. ఇంట్ల సొంతానికి కొంత వెసులుబాటు ఉంటది గాని అమ్మితే 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 63 పడ్తది, ఆర్నెల్ల నుంచి మూడేండ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జుర్మానా. నాకైతే ఆ జడ్జి మాటే కరెక్ట్ అనిపిస్తది. మా బామ్మర్ది తీసిన పెండ్లి వీడియోల పెండ్లికొడుకు మేనమామనే ఎవడన్న తీసేసి అమ్మితే వాడు ఊకుంటడా?

టైమింగుల లిస్టు రాసి వాట్సాప్‌ల పెట్టరా, ఫలాన నిమిషం నుంచి ఫలాన నిమిషం దాక దాటుండ్రి అని, అండ్ల కాపీ లేదు గద అన్న. దానికి పైసలెవడిస్తడు బావా అన్నడు, నిజమే.

నా కోపం మాత్రం నిర్మాతల మీద. పెద్దోళ్లకు మాత్రమే అనే 'A' సర్టిఫికెట్ సినిమా టీవీల వెయ్యొద్దని రూలుంది కాబట్టి వాళ్లే కట్ చేసి, పిల్లలు పెద్దోళ్లతోని చూడొచ్చనే యూఏ సర్టిఫికెట్ సెన్సార్ బోర్డు కాడ మళ్ల తెచ్చుకుంటరు. అంటే ఫ్యామిలీ వెర్షన్ వాళ్ల తాననే రెడీగ ఉంటది. టీవీల ప్రకటనల మధ్య చూపెట్టే ఆ కాపీని ఓటీటీల అసలు సినిమా పక్కన ఇంకో బటన్ కింద పెట్టనీకి ఏం నొప్పి వీళ్లకు? ఒక యాభై ఎక్కువ అడిగినా మా అత్తమ్మ ఇప్పిస్తది.